ఆటిజం ఉన్న బిడ్డల తల్లిదండ్రులు: మనం పట్టించుకోని అలసట

(సంఘం వార్షిక సమావేశంలో తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు ఫోన్ చేసి, "టీచర్ గారూ, ఈసారి ఆటిజం పిల్లల గురించి ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. పిల్లల గురించి కాదు, వాళ్ల అమ్మానాన్నల గురించి మాట్లాడతానని చెప్పి ఒప్పించాను. ఎందుకంటే బిడ్డ గురించి అడిగేవాళ్లు ఈ మధ్య కొంచెం పెరిగారు. డాక్టరు అడుగుతారు, థెరపీ సెంటర్లో మేడమ్ అడుగుతారు, బడిలో మేమూ అడుగుతాం. ఎన్ని మాటలు వచ్చాయి? పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? పెన్సిల్ పట్టుకుంటున్నాడా? ఆ బిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన అమ్మ రాత్రి ఎన్ని గంటలు పడుకుంది అని అడిగినవాళ్లను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

నేను డాక్టర్ని కాను. బి.ఎడ్., ఆ తరువాత ఎం.ఎడ్. చదివి, 28 ఏళ్లుగా బడిలో పాఠాలు చెప్తున్నదాన్ని. బడి గేటు దగ్గర నిలబడి తల్లులతో మాట్లాడిన మాటలే నాకు ఎక్కువ నేర్పాయి. దానికి తోడు చదివింది కొంత ఉంది. రెండూ కలిపి చెప్తాను.

ఆటిజం అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. మెదడు ఎదిగే తీరులోనే పుట్టుకతో ఉండే తేడా. ఎదుటి మనిషితో మాట కలపడం, మనసు తెలుసుకోవడం ఈ పిల్లలకు కష్టమవుతుంది. చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తారు, రోజూ జరిగే వరుస మారితే తట్టుకోలేరు. శబ్దం, వెలుతురు, వాసన, బట్టల స్పర్శ మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తగలవచ్చు. మనకు కుక్కర్ విజిల్ అంటే అన్నం ఉడికిందని అర్థం. ఒక బిడ్డకు అది చెవిలో సూది గుచ్చినట్టు ఉంటుంది. అందరూ ఒకేలా ఉండరు. ఒకడు ఒక్క మాట కూడా మాట్లాడడు, ఇంకొకడు రైళ్ల టైమ్ టేబుల్ మొత్తం అప్పజెప్తాడు. అమ్మాయిల కంటే అబ్బాయిల్లో ఎక్కువగా గుర్తిస్తున్నారు. వందమంది పిల్లల్లో సుమారు ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చింది. ఆ లెక్కన మన బస్తీలో ఎంతమంది ఉండాలో మీరే వేసుకోండి. వాళ్లంతా ఎక్కడ ఉన్నారు మరి? ఇంట్లో, తలుపుల వెనక. వాళ్లతో పాటు వాళ్ల అమ్మ కూడా.

ఇప్పుడు ఒక తల్లి రోజు చెప్తాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. బిడ్డకు ఏడేళ్లు. తెల్లవారుజామున మూడింటికి లేస్తాడు. లేచాక మళ్లీ పడుకోడు. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్ర సమస్య ఉంటుందని డాక్టర్లు చెప్తారు, అది పుస్తకంలో ఒక వాక్యం. ఇంట్లో అయితే అది మూడింటికి వెలిగే ట్యూబ్‌లైటు, ఫ్యాన్ స్విచ్ వెయ్యడం ఆర్పడం, పక్క వాటా వాళ్లు గోడ మీద కొట్టడం. తెల్లన్నం తప్ప ఏదీ తినడు, అందులో కూర చుక్క తగిలితే కంచం గోడకు పోతుంది. పళ్లు తోమడం ఒక యుద్ధం, తల దువ్వడం ఒక యుద్ధం. క్షవరం సంగతి చెప్పనే అక్కర్లేదు, నిద్రలో ఉండగా కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరిస్తుంది. గేటుకు పైన ఒక గడియ, కింద ఒక తాళం, ఎందుకంటే రెండుసార్లు రోడ్డు మీదికి పరుగెత్తాడు. అమెరికాలో పన్నెండు వందల పైచిలుకు పిల్లల మీద చేసిన ఒక సర్వేలో, నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా ఇలా చెప్పకుండా వెళ్లిపోయే ప్రయత్నం చేసినవాళ్లు దాదాపు సగం మంది. అందుకే ఆ తల్లి బాత్‌రూమ్ తలుపు పూర్తిగా వేసుకుని స్నానం చేసి ఆరేళ్లయిందట. ఈ మాట ఆమె నవ్వుతూ చెప్పింది. అన్నం ఎప్పుడు తింటావమ్మా అని అడిగితే, "నిలబడే తింటాను టీచర్, కూర్చుంటే వాడు లేస్తాడు" అంది.

ఇది ఒక రోజు కాదు. ఈ రోజు లాంటిదే రేపు, రేపు లాంటిదే ఎల్లుండి. మన ఇళ్లల్లో జ్వరం వస్తుంది, వారం కష్టపడతాం, తగ్గుతుంది. పరీక్షలు వస్తాయి, నెల కష్టపడతాం, అయిపోతాయి. ముగింపు కనిపించే కష్టానికీ, కనిపించనిదానికీ శరీరం వేరువేరుగా స్పందిస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎదిగిన ఆటిజం బిడ్డలున్న తల్లులకు వరుసగా ఎనిమిది రోజులు ప్రతి సాయంత్రం ఫోన్ చేసి ఆ రోజు ఎలా గడిచిందో అడిగారు, లాలాజలం నమూనాలు తీసి ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్ కొలిచారు. 2010 ప్రాంతంలో ఫలితాలు వచ్చాయి. మిగతా తల్లుల కంటే వీళ్లు రోజుకు కనీసం రెండు గంటలు ఎక్కువగా బిడ్డ పనిలోనే ఉన్నారు. నాలుగు రోజుల్లో ఒక రోజు బిడ్డ కోసం చేస్తున్న ఉద్యోగం పని మధ్యలో ఆపవలసి వచ్చింది. మిగతా తల్లులకు పది రోజుల్లో ఒక రోజు కూడా అలా జరగలేదు. హార్మోన్ సంగతి ఇంకా విచిత్రం. అది పెరగలేదు, మామూలు కంటే తగ్గిపోయింది. ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉన్నవాళ్లలో, ఉదాహరణకు యుద్ధరంగంలో పనిచేసిన సైనికుల్లో, కనిపించే తీరు అది. శరీరం మొదట అలారం మోగిస్తుంది, మోగించి మోగించి చివరికి అలారమే అరిగిపోతుంది. "ఆమెకు అలవాటైపోయింది లెండి" అని మనం అంటుంటాం కదా. అది అలవాటు కాదు, అరిగిపోవడం.

అదే పరిశీలనలో ఇంకో విషయం కూడా తేలింది, అది చెప్పకపోతే అన్యాయం. ఈ తల్లుల రోజుల్లో సంతోషపడిన సందర్భాలు మిగతా తల్లుల కంటే తక్కువేమీ లేవు. పక్కవాళ్లకు సాయపడడంలోనూ వెనకపడలేదు. అంటే వీళ్లు కుమిలిపోతున్నవాళ్లు కాదు. బిడ్డ మొదటిసారి చెయ్యి చాపి నీళ్లు అడిగిన రోజు ఆ ఇంట్లో జరిగే పండగ మన ఇళ్లల్లో ఫస్ట్ ర్యాంకు వచ్చినా జరగదు. కాబట్టి దయచేసి "అయ్యో పాపం" అనే ముఖం పెట్టుకుని వాళ్లింటికి వెళ్లకండి.

మరి ఒత్తిడి ఎక్కడ నుంచి వస్తోంది? బిడ్డ వల్ల కొంత, నిజమే. కానీ చాలా భాగం బిడ్డ చుట్టూ ఉన్న మన వల్ల వస్తోందని నా అభిప్రాయం. ఆ మాటకు వస్తే ఇది కొత్త సంగతి కూడా కాదు.

ఆటిజం అనే స్థితిని 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలో వివరించాడు. ఆ తరువాత పాతికేళ్ల దాకా పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లే ఏమన్నారో తెలుసా? తల్లి ప్రేమ చూపించకపోవడం వల్ల బిడ్డ ఇలా అయ్యాడన్నారు. ఫ్రిజ్ లాంటి చల్లని తల్లులు అని పేరు పెట్టారు. బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో ఆ వాదంతో ఒక పుస్తకమే రాశాడు, అది బాగా పేరు తెచ్చుకుంది. బిడ్డతో నిద్ర లేక సగం చచ్చిన తల్లిని పట్టుకుని, ఇదంతా నీ వల్లే అని డాక్టరే చెప్తే ఆమె ఏమైపోవాలి? ఆ మాట తప్పని గట్టిగా వాదించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి కూడా. 1964లో ఆయన రాసిన పుస్తకం, ఇది మెదడుకు సంబంధించినది, తల్లి పెంపకానికి సంబంధించినది కాదు అని చూపించింది. ఇంగ్లండులో లోర్నా వింగ్ అనే సైకియాట్రిస్టు కూడా అంతే, ఆమె కూతురికి ఆటిజం. 1962లో అక్కడ తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న సంఘానికి పునాది వేసినవాళ్లలో ఆమె ఒకరు. మన దేశంలో మెర్రీ బరువా తన కొడుకు కోసం మొదలుపెట్టిన వెతుకులాటే 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థ అయింది. గమనించండి, ప్రతిచోటా దారి వేసింది తల్లిదండ్రులే.

డాక్టర్లు ఆ పాత వాదాన్ని ఎప్పుడో వదిలేశారు. మన ఇళ్లల్లో అది ఇంకా బతికే ఉంది, వేషం మార్చుకుని. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందేమో." "ఫోన్ ఇచ్చి కూర్చోబెడితే ఇలాగే అవుతారు." "తల్లి ఉద్యోగానికి పోతే బిడ్డకు మాటలెక్కడ వస్తాయి." "వాళ్ల పుట్టింటి వైపు ఎవరికో ఉందట." ఇంకో పెద్ద మాట, ఏ పాపానికి ఈ శిక్షో అని. ఈ సభలో పండితులు ఉన్నారు, మతం సంగతి వాళ్లు చెప్తారు. టీచరుగా నేను చెప్పేది ఒక్కటే, ఏ బిడ్డా ఎవరికీ పడిన శిక్ష కాదు. టీకా వల్ల వచ్చిందేమో అని లోలోపల కుమిలిపోతున్న తల్లులు కూడా ఉన్నారు. ఆ పుకారు 1998లో ఒక ఇంగ్లండు డాక్టరు రాసిన వ్యాసంతో పుట్టింది. ఆ పత్రికే 2010లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, ఆ డాక్టరు పేరును అదే ఏడాది వైద్యుల రిజిస్టరు నుంచి కొట్టేశారు. మీరు వేయించిన టీకా మీ బిడ్డను కాపాడింది, ఇంకేమీ చెయ్యలేదు.

మంచి మనసుతో అనే మాట ఒకటుంది, అది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. "మా చాచా కొడుకు అయిదేళ్లకు మాట్లాడాడు, ఇప్పుడు ఇంజినీరు. కంగారు పడకు." ఆ మాట నమ్మి రెండేళ్లు ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఏడాదిన్నరకు పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వేలు పెట్టి చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగవద్దు. జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా చిన్నపిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించే కేంద్రం ఉంటుంది, డీఈఐసీ అంటారు, అక్కడ ఉచితంగా చూస్తారు. రెండు మూడేళ్ల వయసులో మొదలైన శిక్షణకు, ఆరేళ్లకు మొదలైనదానికి తేడా ఉంటుంది. ఆ తేడా తెలిసిన రోజు నుంచి, ఎందుకు ఆగానా అనే బాధ తల్లిని వదలదు. ధైర్యం చెప్పిన పిన్ని మాత్రం ఆ మాట ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది.

పెళ్లిళ్ల సంగతి చూడండి. షాదీఖానాలో బ్యాండు, లైట్లు, అత్తరు వాసన, నాలుగు వందల మంది. ఆ బిడ్డ చెవులు మూసుకుని నేల మీద పడి అరుస్తాడు. అది మొండితనం కాదు, మోయలేని బరువు మీద పడితే మనిషి కూలిపోవడం లాంటిది. చుట్టూ ఉన్నవాళ్లు చూసే చూపు, "రెండు తగిలించు, అదే నోరు మూస్తాడు" అనే సలహా తల్లి మీద పడతాయి. రెండోసారి ఆమె పెళ్లికి రాదు. మూడోసారి మనమే పిలవం. ఇక ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంటే, తమ్ముడి సంగతి తెలిస్తే సంబంధాలు రావని, చూపులకు వచ్చిన రోజు ఆ పిల్లాడిని నానీ ఇంటికి పంపించేస్తారు. ఆ రోజు ఆ అక్క మనసులో ఏముంటుందో ఎవరూ అడగరు. నా తరగతిలో ఇలాంటి అక్కలు ఇద్దరు ముగ్గురు చదివారు. చాలా బుద్ధిమంతులు, ఎప్పుడూ అల్లరి చెయ్యరు. పదకొండేళ్లకే చిన్న తల్లులైపోయిన పిల్లలు వాళ్లు. వాళ్ల బుద్ధిమంతనాన్ని మెచ్చుకునే ముందు ఆగి, ఆ పిల్లకు ఆడుకోవడానికి సాయంత్రం ఒక గంట దొరుకుతోందా అని చూడండి.

నాన్నల గురించి కూడా చెప్పాలి. నాన్నలు ఏడవరు, దుకాణం మూసే వేళ పొడిగిస్తారు. తొమ్మిదింటికి మూసేవాడు పదకొండింటికి మూస్తాడు. ఇంట్లో బాధ్యత తప్పించుకుంటున్నాడని ఆమె కోపం, డబ్బు ఎక్కడ నుంచి తేవాలని ఈయన గుబులు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. లెక్క వేద్దాం. థెరపీకి ఒక సెషన్ 500 రూపాయలు అనుకుందాం. వారానికి మూడు అంటే నెలకు 6,000. మన ఊళ్లో లేకపోతే బస్సు, ఆటో ఖర్చు, తల్లి మానేసిన ఉద్యోగం జీతం, నాన్న పోగొట్టుకున్న పని రోజులు వేరే. ఇలాంటి ఇంటికే, మూడు నెలల్లో ఆటిజం నయం చేస్తాం అనేవాళ్లు కూడా వస్తారు. తాయెత్తుకు అయిదు వేలు అడిగేవాడు ఒకడైతే, లక్షల్లో మూలకణాల చికిత్స అనేవాడు ఇంకొకడు. ఒకడి చేతిలో ధూపం ఉంటే ఇంకొకడికి తెల్లకోటు ఉంటుంది, అంతే తేడా. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫారసు చెయ్యలేమని 2022లో జాతీయ వైద్య కమిషనే చెప్పింది. నగలు తాకట్టు పెట్టే ముందు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

మన రమజాన్ నెల ఈ ఇళ్లల్లో ఎలా ఉంటుందో ఆలోచించారా? అందరికీ ఆనందమే, కానీ ఆ బిడ్డకు రోజు వరుస మొత్తం తలకిందులవుతుంది. సహరీకి ఇల్లంతా లేస్తుంది, పాత్రల చప్పుడు, మైకులు. రోజూ ఎనిమిదింటికి అన్నం పెట్టే అమ్మ ఆ వేళకు ఇఫ్తార్ సర్దుళ్లలో ఉంటుంది. వాడు అర్థం కాక చెయ్యి కొరుక్కుంటాడు. అమ్మ రోజా ఉండి, రాత్రి నిద్ర లేక, పగలు వాడి వెనక పరుగెడుతుంది. తరావీహ్‌కు నాన్న మసీదుకు వెళ్తాడు, ఆమె మాత్రం నెల మొత్తంలో ఒక్క పూట కూడా ప్రశాంతంగా దువా చేసుకోలేకపోయానని చెప్పి కళ్లు తుడుచుకుంది. నిరుడు ఆ వీధిలో ఒక ఖాలా ఒక పని చేసింది. రోజూ ఇషా తరువాత నలభై నిమిషాలు ఆ ఇంటికి వెళ్లి, బిడ్డ పక్కన ఊరికే కూర్చుంది. ఏమీ నేర్పించలేదు, ముద్దు చెయ్యలేదు. వాడు మూతలు వరుసగా పేర్చుకుంటుంటే పడిపోయిన మూత అందించింది. ఆ నలభై నిమిషాలు తల్లి లోపలి గదిలో నమాజు చేసుకుంది, కొన్ని రోజులు నమాజు చాప మీదే నిద్రపోయింది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఖాలా చేసి చూపించింది.

బడి గురించి తప్పించుకోను. సాయంత్రం గేటు దగ్గర తల్లి కనిపించగానే "ఈరోజు మీవాడు ఇది చించాడు, అది తోశాడు" అని చెప్పే అలవాటు మా ఉపాధ్యాయుల్లో చాలామందికి ఉంది. రోజూ వినే తల్లి చివరికి బిడ్డను మాన్పిస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. చేర్చుకోం అనడానికి ఏ బడికీ వీల్లేదు. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, బడికి రాలేని పిల్లల ఇంటికి కూడా వెళ్తారు. మీ హెడ్మాస్టర్ గారిని అడగండి, తెలియదంటే మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి.

ఇక సర్టిఫికెట్. చాలామంది తండ్రులు "ముద్ర పడుతుంది" అని వద్దంటారు. ముద్ర ఎప్పుడో వీధిలో వేసేశారు, కాగితం తీసుకుంటే కనీసం హక్కులు వస్తాయి. మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన 40 ప్రశ్నల కొలమానంతో ఆటిజం తీవ్రత లెక్కకడతారు. 40 శాతం, ఆపైన ఉంటే సదరం సర్టిఫికెట్, దాని మీద పింఛను, దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు, అందులో థెరపీకి కూడా కొంత భాగం ఉంది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టే ఉద్యోగస్తులకు 80డీడీ కింద 75,000 రూపాయల మినహాయింపు, తీవ్ర వైకల్యమైతే 1,25,000. ఈ కాగితాల కోసం తిరగడమే ఒక ఒత్తిడి. క్యాంపులో మూడు గంటలు వరుసలో నిలబడడం ఆ బిడ్డ వల్ల కాదు, వాడు అరుస్తుంటే తల్లి వల్లా కాదు. మన కుర్రాళ్లు ఒకరు ముందుగా వెళ్లి వరుసలో నిలబడి, వంతు వచ్చే వేళకు ఫోన్ చేస్తే సగం బాధ తీరుతుంది.

అన్నిటికంటే లోతుగా ఉండేది ఒక ప్రశ్న. బిడ్డకు పదిహేనేళ్లు దాటాక తల్లిదండ్రులు రాత్రిపూట ఒకరినొకరు అడగకుండా అనుకునే ప్రశ్న: మా తరువాత ఎవరు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చట్టం ఒక తలుపు తెరిచింది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, బిడ్డకు 18 నిండాక జిల్లాలో కలెక్టర్ స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. అమ్మానాన్నలు ఉండగానే ఆ పని చేయించుకోండి. కానీ సంరక్షకుడుగా సంతకం పెట్టడానికి ఒక మనిషి కావాలి కదా. ఆ మనిషి బిడ్డకు పాతికేళ్లు వచ్చాక ఆకాశం నుంచి ఊడిపడడు. అయిదేళ్లప్పటి నుంచి ఆ ఇంటికి వచ్చిపోతున్న మామూ, చాచా, పక్కింటి భాయ్ అయి ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీరు మీ బిడ్డకు ఇరవై నాలుగు గంటల థెరపిస్టు కానక్కర్లేదు. అమ్మగా ఉంటే చాలు. రోజూ ఏడుపు వస్తున్నా, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోయినా, బిడ్డతో సహా వెళ్లిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, దాన్ని సిగ్గుపడి దాచుకోవద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది, 14416 నంబరు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. డాక్టరు దగ్గరకు బిడ్డను తీసుకెళ్లినప్పుడు మీ బీపీ, మీ షుగరు, మీ నిద్ర గురించి కూడా చెప్పండి.

ఇంకొకటి, మీలాంటి తల్లులతో కూర్చోండి. అమెరికాలో 243 మంది తల్లుల మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. వారానికి గంటన్నర చొప్పున ఆరు వారాలు వాళ్లను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు నేర్పారు. దిగులు, ఆందోళన తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. నాకు నచ్చిందేమిటంటే, నేర్పినవాళ్లు డాక్టర్లు కారు, అలాంటి పిల్లలున్న తల్లులే, ముందు శిక్షణ పొంది వచ్చారు. అది మన ఊళ్లో కుదరనిదేమీ కాదు. ఒక గది, ఒక టీ ఫ్లాస్కు, పిల్లల్ని చూసుకునే నలుగురు మనుషులు ఉంటే చాలు.

అందుకే కార్యదర్శి గారితో మాట్లాడి ఒక ఏర్పాటు అనుకున్నాం. ప్రతి నెలా మొదటి, మూడో శనివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మన హాలు ఈ తల్లిదండ్రుల కోసం. తల్లులు పై గదిలో కూర్చుంటారు, పిల్లలు కింద ఉంటారు. డి.ఎడ్., బి.ఎడ్. చదువుతున్న అమ్మాయిలు ఏడుగురు ఇప్పటికే పేర్లిచ్చారు. వాళ్లకు నేను, భవిత కేంద్రంలో పనిచేసే ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు ముందుగా రెండు రోజులు నేర్పిస్తాం. ఏం నేర్పిస్తామంటే చిన్న విషయాలే. బిడ్డ ముఖం పట్టుకుని మన వైపు తిప్పకూడదు. ముట్టుకునే ముందు చెప్పాలి. ఒకేసారి పది ప్రశ్నలు అడగకూడదు. అత్తరు రాసుకుని రాకూడదు. చెయ్యి ఊపుకుంటుంటే ఆపకూడదు, అది వాడికి ఊరట. ఏం జరగబోతోందో ముందే బొమ్మ చూపించి చెప్పాలి. పోయేటప్పుడు తల్లితో బిడ్డ చేసిన తప్పుల జాబితా చదవకూడదు, వాడు చేసిన ఒక మంచి పని చెప్పాలి.

బయట బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టించాను. ఒకటి రావాలనుకునే తల్లిదండ్రులకు, అందులో ఫోన్ నంబరు రాస్తే చాలు, బిడ్డ వివరాలు రాయనక్కర్లేదు. రెండోది సాయానికి వచ్చేవాళ్లకు, అందులో డబ్బు కాలమ్ లేదు, గంటల కాలమ్ ఉంది. నాన్నలకు విడిగా కూర్చునే ఏర్పాటు ఇంకా కుదరలేదు. దుకాణాలున్నవాళ్లు ఏ వేళ వీలవుతుందో రాసిపెడితే చూద్దాం. కింది హాల్లో రెండు ఫ్యాన్లు గరగరమని శబ్దం చేస్తున్నాయి, ఆ ట్యూబ్‌లైటు కూడా మిణుకుమిణుకుమంటోంది. ఈ పిల్లలు దాన్ని తట్టుకోలేరు. వచ్చే శనివారం లోపల వాటిని బాగుచేయించమని కమిటీ పెద్దలను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.